మదనపల్లె తండ్రి వ్యాజ్యము

తండ్రి విశ్వాసమునకు బిడ్డ ఎంతవరకు కట్టుబడవలెను? ఆ తండ్రి బిడ్డనొకరికి అప్పగించినచో, వారి విశ్వాసమునకు ఎంతవరకు? ఈ ప్రశ్నను ఒక తెలుగు కుటుంబము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు కొనిపోయిన సంగతి నేడు పలువురు మరచినారు.

జిడ్డు నారాయణయ్య రెవిన్యూ శాఖలో ఉద్యోగి, సంప్రదాయ బ్రాహ్మణుడు. అయినను దివ్యజ్ఞాన సమాజమున చాలకాలముగా సభ్యుడు. 1895లో మదనపల్లెలో ఆయనకు కలిగిన కుమారుడే జిడ్డు కృష్ణమూర్తి. భార్య సంజీవమ్మ 1905లో కాలధర్మము నొందెను. ఉద్యోగము విరమించిన పిమ్మట, 1909లో ఆయన తల్లిలేని బిడ్డలతో అడయారు చేరి సమాజపు కొలువున కుదురుకొనెను. ఆ యేడే లెడ్‌బీటరు సముద్రతీరమున ఆ బాలుని చూచి, రానున్న జగద్గురువునకు తగిన దేహమితడేయని తలచెను. 1910 మార్చిలో నారాయణయ్య కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందను అనీ బిసెంటు సంరక్షణకు వ్రాసి యిచ్చెను. చదువు, సీమ ప్రయాణము. పింఛనుపై బ్రతుకు తండ్రికి ఇది సామాన్యమైన ఆశ కాదు. ఆ సంతకమునకు ఆయనను తప్పుపట్ట మాకు మనసొప్పదు.

రెండేండ్లలో మనసు విరిగినది. లెడ్‌బీటరు సాంగత్యము పిల్లలకు తగదనియు, తన కుమారునకు లేని దైవత్వము నంటగట్టుచున్నారనియు ఆయన 1912లో చెంగల్పట్టు జిల్లా కోర్టున దావా వేసెను. అది మద్రాసు హైకోర్టునకు మారెను. పిల్లలప్పటికే ఇంగ్లండులో నున్నారు. తండ్రి పక్షమున సి.పి. రామస్వామి అయ్యరు వాదించెను. బిసెంటమ్మ తన వాదమును తానే వినిపించినది.

1913 ఏప్రిల్ 15న జస్టిస్ బేక్‌వెల్ ఇద్దరిని కోర్టు రక్షణలోని మైనర్లుగా ప్రకటించి, తండ్రికి అప్పగింపుమనెను. కీలకమంతయు ఆ తేదీలో నున్నది. మే నెలలో కృష్ణమూర్తికి 18 ఏండ్లు నిండును. ఆనాటి చట్టము ప్రకారము 18 నిండినవాడు మేజరు. కోర్టు సంరక్షణలోని వానికి మాత్రము 21 వరకు మైనరుతనము సాగును. అపీలులోను తండ్రియే గెలిచెను.

1914 మేలో ప్రీవీ కౌన్సిలు దీనిని తలక్రిందులు చేసినది. ఇచ్చిన సంరక్షణను తండ్రి మరల తీసికొనవచ్చునని ఒప్పుకొన్నది గాని, పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో లేరు గనుక అచ్చటి కోర్టునకు అధికారము లేదన్నది. పిల్లల ఇష్టమును ఎవరును విచారింపలేదన్నది. కావలసినచో ఇంగ్లండు హైకోర్టు నడుగుకొనవచ్చునట! విశ్రాంతి పొందిన చిన్న ఉద్యోగికి లండనులో వ్యాజ్యమా?

ఇరుపక్షముల వారును బాలుని మేలు కొరకే వాదించితిమనిరి. బాలుడు మాత్రము కోర్టు గడప త్రొక్కలేదు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, తన కొరకై నెలకొల్పిన నక్షత్ర సంఘమును ఆతడే రద్దుచేసెను.

ఆ దినములలో లింగంపేట, యెల్లారెడ్డి నిజాము ఏలుబడిలోనివి. మద్రాసు కోర్టు ఆజ్ఞ అచ్చటికి చేరదు. 1950లో రాజ్యాంగము వచ్చిన పిదప, మదనపల్లెకును లింగంపేటకును మతస్వేచ్ఛ విషయమున 25వ అధికరణ మొక్కటే. దాని బలమెంతయో 1986లో తెలిసినది. కేరళలో యెహోవా సాక్షుల మతమునకు చెందిన ముగ్గురు పిల్లలు, జాతీయగీత సమయమున మర్యాదగా నిలుచుండియు పాడనందులకు, 1985లో బడినుండి తొలగింపబడిరి. పాడుట తమ విశ్వాసమునకు విరుద్ధమని వారి మాట. కేరళ హైకోర్టు వారి మొర నాలకింపలేదు. అమెరికా సుప్రీముకోర్టు 1943లో, పతాకవందనము చేయని ఇదే మతము వారి పిల్లలకు రక్షణ నిచ్చియున్నది.

మన సుప్రీముకోర్టున తీర్పు వ్రాసినవారు అనంతపురము జిల్లాకు చెందిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్ సహన్యాయమూర్తి. జాతీయగీతమును తప్పక పాడవలెనను చట్టము లేదనియు, పిల్లల విశ్వాసము నిజాయితీ గలదనియు వారు నిర్ణయించిరి. ఈ వ్యాజ్యమున వాదుల స్థానమున నున్నవి బిడ్డల పేర్లే. వారిని మరల బడిలో చేర్చుకొనుడని ఆగస్టు 11న ఉత్తరువైనది.