ఒక మైకు, ఐదు వాద్యాలు

అమెరికాలో బ్లూగ్రాస్ సంగీతానికి ఆద్యుడు బిల్ మన్రో. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ బాంజోతో ఆయన బృందంలో చేరాడు. మాండొలిన్, ఫిడేలు, గిటారు, బాంజో, బాస్ - అన్నిటికీ ఆనాటి వేదికలపై తరచు ఒకటే మైకు. బాంజో ఖంగుమంటుంది, గిటారు గొంతు చిన్నది. దూరం రెట్టింపైతే మైకుకు సూటిగా చేరే శబ్దశక్తి నాలుగోవంతుకు పడిపోతుంది. అందుకని బాంజో వెనక నిలబడి, తన వంతుకు ముందుకొచ్చి వాయించి, పాడేవారికి చోటిచ్చి తప్పుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పాటలో మొదటి మాట వినబడదు. (మన సభల్లో మైకు అందుకున్నవారు తప్పుకోవడం నేనైతే చూడలేదు!) 1946లో చికాగోలో రికార్డు ఇచ్చేనాటికి టేపు ఇంకా వాడుకలోకి రాలేదు, తప్పు జరిగితే పాటంతా మళ్ళీ మొదలు. తర్వాత మనిషికో మైకు వచ్చింది. 1990లలో డెల్ మెకౌరీ మళ్ళీ ఒకే మైకు పెట్టించాడు. చుట్టూ మాండొలిన్, బాంజోలతో నిలబడింది ఆయన కొడుకులే.