పుస్తకానికి కౌలు కాగితం

అనువాద నవల చేతిలోకి తీసుకుంటే మనకు రెండు పేర్లు కనిపిస్తాయి. రాసినవారి పేరూ, మన భాషలోకి తెచ్చినవారి పేరూ. ఈ రెండు పేర్లకీ మధ్య, అట్టమీద కనిపించని మూడో మనిషి ఒకరుంటారు. ఫలానా నవలను ఫలానా భాషలో వేసుకోవచ్చునని బేరం కుదిర్చి, కాగితం రాయించి, రచయితకు రావలసిన డబ్బు వసూలు చేసి పంపే మనిషి. లిటరరీ ఏజెంటు అంటారు. వచ్చినదాంట్లో నూటికి పదో పదిహేనో ఆ మనిషికి దక్కుతుంది. "ఓస్, దళారీయే కదా!" అని తీసిపారేయకండి. ఈ పని చేస్తూనే ఒక స్త్రీ ఎందరో రచయితల బతుకులు ఎలా మార్చిందో ఈవేళ చెప్పుకుందాం.

ఆవిడ పేరు కార్మెన్ బాల్సెల్స్. స్పెయిన్ దేశంలో, కాటలోనియా ప్రాంతపు చిన్న పల్లెలో 1930లో పుట్టింది. యూనివర్సిటీ గడప తొక్కలేదు. సెక్రటరీ ఉద్యోగాలు చేసి, తర్వాత వింతిలా హోరియా అనే రుమేనియా రచయిత నడిపే ఏజెన్సీకి బార్సిలోనాలో ప్రతినిధిగా కుదిరింది. విదేశీ పుస్తకాల అనువాద హక్కులు స్పానిష్ ప్రచురణకర్తలకు అమ్మిపెట్టడం అక్కడి పని. 1960 ప్రాంతంలో హోరియా పారిస్ వెళ్ళిపోగా, ఆవిడ సొంతంగా ఆఫీసు పెట్టుకుంది.

అప్పట్లో స్పానిష్ రచయితల ఒప్పందాలు ఎలా ఉండేవనుకున్నారు? ఒక్కసారి సంతకం పెడితే చాలు, ఆ పుస్తకం ఎప్పటికీ ప్రచురణకర్తదే. అన్ని దేశాలకూ ఆయనే హక్కుదారు. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే అది పొలాన్ని పూర్తిగా అమ్మేయడమే. బాల్సెల్స్ దాన్ని కౌలుగా మార్చింది. ఇన్నేళ్ళకే, ఈ దేశానికే, ఈ భాషకే అని కాగితంలో రాయించింది. గడువు తీరగానే హక్కు మళ్ళీ రచయిత చేతికి రావాలి. ప్రచురణకర్తలకు ఆవిడ పేరు చెబితే హడలు పుట్టిందంటే ఆశ్చర్యం ఏవుంది!

1965లో ఆవిడ మెక్సికో వెళ్ళి గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్‌ను కలుసుకుంది. ఆయన నాలుగు పుస్తకాల ఇంగ్లీషు హక్కులు ఒక అమెరికన్ కంపెనీకి వెయ్యి డాలర్లకు కుదిర్చిన సంతోషంతో వెళ్ళింది పాపం. ఆ బేరం ఆయనకు బొత్తిగా నచ్చలేదు. అయినా మనిషి నచ్చింది కాబోలు, 150 ఏళ్ళపాటు ఆవిడే తన ఏజెంటు అని వేళాకోళంగా ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. రెండేళ్ళకు, 1967లో, "నూరేళ్ళ ఏకాంతం" వెలువడింది. అది ఎన్నెన్ని భాషలకు వెళ్ళిందో మీకు తెలిసిందే కదా.

పెరూ రచయిత మారియో వర్గాస్ యోసా లండన్‌లో పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన వేళల్లో రాసుకునేవాడు. ఇద్దరు పిల్లలున్న సంసారం. ఆవిడ నేరుగా వాళ్ళింటికి వెళ్ళి, ఉద్యోగం మానెయ్యమంది. ఇల్లు గడవడానికి నెలకు 500 డాలర్లు తానిస్తానంది. ఆయన 1970లో బార్సిలోనాకు కాపురం మార్చాడు. 2010లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆవిడ చూసుకున్న రచయితల్లో నోబెల్ అందుకున్నవారు ఆరుగురు!

హక్కు కొనకుండా అనువదిస్తే ఏమవుతుందో కూడా చూడండి. 1980లలో చైనాలో మార్క్వెజ్ నవలను అనుమతి లేకుండానే వేసేశారు. 1990లో అక్కడికి వెళ్ళిన ఆయన అది చూసి మండిపడ్డాడు. హక్కులు కొని వేసిన చైనా భాషా ప్రతి వచ్చేసరికి 2011 అయింది.

2010లో ఆవిడ దాచిన ఉత్తరాలూ, రాతప్రతులూ, ఒప్పందాలూ స్పెయిన్ ప్రభుత్వం 30 లక్షల యూరోలకు కొన్నది. ఒకప్పుడు ఎవరూ లక్ష్యపెట్టని కాగితాలవి. 2015లో, 85వ ఏట, బార్సిలోనాలో ఆవిడ కన్నుమూసింది. ఏజెన్సీ మాత్రం ఆగలేదు.

ఇదంతా ఎక్కడి గొడవో అనుకుంటున్నారా? మీలో కథలూ నవలలూ రాసేవారున్నారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం అనువాద హక్కు మొదట రచయిత్రిదే. హక్కు రాసిచ్చే కాగితంలో గడువు చెప్పకపోతే అయిదేళ్ళనీ, ప్రాంతం చెప్పకపోతే మన దేశం వరకేననీ ఆ చట్టమే అంటోంది. అయితే "శాశ్వతంగా, సర్వహక్కులతో" అని ముందే రాసి ఉన్న కాగితం మీద మీరు సంతకం పెట్టేస్తే, ఆ రక్షణ మీకు అక్కరకు రాదు.

పత్రికలో పేరు చూసుకోవాలన్న సంబరంలో సంతకం చేసేయకండి. కూరగాయల దగ్గర పావలాకి బేరమాడే మనం, ఏడాది కష్టపడి రాసినదాని దగ్గర నోరు మెదపకపోవడం ఏం న్యాయం? ఎన్నేళ్ళకు, ఏ భాషకు, ఎంతకు అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు కాగితం మీద చూసుకున్నాకే కలం తీయండి.