పక్కునేలలో నడకబాటలు

అమెరికా వాయవ్య కొసన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాలకు తూర్పున, స్పోకేన్ నగరం మొదలు కొలంబియా నది వరకు పరచుకొన్న పీఠభూమిపై నల్లరాతి గుట్టల సందుల్లో జమ్ము మొలిచిన చెరువులూ, వాటి గట్లవెంట సాగే కాలిబాటలూ కనిపిస్తాయి. నడిమి భాగంలోని ఒతెల్లో పట్టణ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లే కాగా, కరవుసీమగా పేరుపడ్డ అనంతపురంలో కురిసే దానిలో అది సగమైనా కాదు. అంతటి ఎండునేలలో ఇన్ని నీళ్లు ఎలా నిలిచాయన్నదీ, అంత మొరటు రాతిలో పిల్లలూ పెద్దలూ ఆయాసం లేకుండా నడిచే దారులు ఎలా పడ్డాయన్నదీ చరిత్రను తిరగేస్తే గాని తేలదు. ఈ రెండింటిలోనూ ప్రకృతి చేసిన పని ఎంతో, మనుషులు తలపెట్టి వదిలేసిన పనులూ, ఒకటి అనుకొని చేస్తే మరొకటిగా పరిణమించిన పనులూ అంతే ఉన్నాయి.

ముందుగా రాయి సంగతి. ఇక్కడి నల్లరాయి బసాల్ట్, అంటే నేల చీలికల నుంచి పొంగి, పర్వతంగా పేరుకోకుండా వరదలా పారి, పొర మీద పొరగా గడ్డకట్టిన లావా. దానిలో అత్యధిక భాగం ఒక కోటీ 70 లక్షల ఏళ్ల నుంచి ఒక కోటీ 55 లక్షల ఏళ్ల క్రితం దాకా వెలువడి, సుమారు 2,10,000 చదరపు కిలోమీటర్ల మేర, అంటే నేటి ఆంధ్రప్రదేశ్ కంటే ఎక్కువ విస్తీర్ణంలో పరచుకొంది. దక్కను పీఠభూమిని కప్పిన లావా కూడా ఈ జాతిదే. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడికి మూలమూ, రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో కంకరగా మారుతున్న రాయీ అదే. వయసులో మాత్రం దక్కను లావా చాలా పెద్దది, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటిది.

ఈ రాతి పీఠభూమిపై గాలి మోసుకొచ్చి పోసిన మెత్తని మట్టి ఒకప్పుడు మందంగా ఉండేది. తూర్పున పలూస్ అనే సీమలో ఆ మట్టిలోనే నేటికీ గోధుమ పండుతుంది. పడమటివైపు పెద్ద పెద్ద పట్టీలుగా ఆ మట్టి కొట్టుకుపోయి, అడుగునున్న రాయి గోతులుగా, గట్లుగా బయటపడింది. వలస రైతులు దానిని గాయం మీది పక్కుతో పోల్చి ‘స్కాబ్‌ల్యాండ్’ అన్నారు. తెలుగులో పక్కునేల అంటే సరిగ్గా సరిపోతుంది. నీరు లేని లోతైన లోయలను అక్కడ ‘కూలీ’లంటారు. కూలిపనికీ ఈ మాటకూ ఏ చుట్టరికమూ లేదు; పారడమని అర్థమిచ్చే ఫ్రెంచి క్రియ నుంచి పుట్టిన మాట ఇది.

పక్కునేల పుట్టుకను మొదట సరిగ్గా చదివినవాడు జె హార్లెన్ బ్రెట్జ్. సియాటిల్‌లో బడిపంతులుగా పనిచేసి, తరువాత షికాగో విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యుడైన ఈయన 1922 నుంచి వేసవులన్నీ ఈ లోయల్లోనే తిరిగి, ఇవి నదులు నిదానంగా కోసినవి కావనీ, ఊహకందని ఒక మహాప్రవాహం కొద్దికాలంలోనే తవ్వినవనీ 1923లో ప్రకటించాడు. భూమి రూపురేఖలన్నీ నేడు కళ్లెదుట జరిగే నెమ్మది మార్పులవల్లే ఏర్పడ్డాయన్న సిద్ధాంతం శాస్త్రలోకాన్ని ఏలుతున్న రోజులు కావడంతో, ప్రళయం మాట ఎత్తినవాడు పురాణం చెబుతున్నట్టే పెద్దలకు తోచింది. 1927 జనవరిలో వాషింగ్టన్ నగరంలో జరిగిన సభలో పేరున్న భూగర్భశాస్త్రజ్ఞులు ఒకరి తరువాత ఒకరు లేచి ఆయన వాదాన్ని ఖండించగా, వారిలో చాలామంది ఆ నేలను కంటితో చూసినవారు కారు. అయితే బ్రెట్జ్ వాదంలో నిజంగానే ఒక లొసుగుండేది: అంత నీరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన చెప్పలేకపోయాడు.

ఆ జవాబు జోసెఫ్ పార్డీ అనే మరో భూగర్భశాస్త్రజ్ఞుడి దగ్గర ఉంది. మంచుయుగంలో మోంటానా లోయలను నింపిన మిజూలా అనే సరస్సును గురించి 1910లోనే రాసిన ఈయన, ఆ సరస్సు అడుగున నీటి వడికి ఏర్పడ్డ, పది మీటర్ల ఎత్తు దాటిన కంకర తరంగాలను 1942లో వర్ణించడంతో చిక్కు వీడింది. లోయకు అడ్డంగా జారి వచ్చిన మంచునది ఆనకట్టలా నిలవగా దాని వెనుక చేరిన నీరు, నాగార్జునసాగర్ లాంటి జలాశయాలు నూటయాభైకి పైగా నిండేంత. మంచుకట్ట తెగినప్పుడు ఆ నీరంతా కొద్దిరోజుల్లోనే పీఠభూమి మీదుగా సముద్రం దారి పట్టింది. సుమారు 18,000 నుంచి 15,000 ఏళ్ల క్రితం వరకు కట్ట మళ్లీ మళ్లీ కట్టుకొని, పదులసార్లు తెగిందని తరువాతి పరిశోధకులు తేల్చారు. అమెరికా భూగర్భశాస్త్ర సంఘం తన అత్యున్నత పతకాన్ని బ్రెట్జ్‌కు 1979లో ఇచ్చింది; అప్పటికి ఆయనకు తొంభై ఆరేళ్లు దాటాయి.

ఆ వరద పనితనాన్ని దగ్గరగా చూడాలంటే ఒతెల్లోకు ఉత్తరాన డ్రమ్‌హెల్లర్ చానల్స్ అనే చోట ఏదైనా రాతిగోడ ముందు నిలబడితే చాలు. లావా చల్లారుతూ కుంచించుకుపోయేటప్పుడు పగిలి, ఎక్కువగా ఆరు పలకల స్తంభాలై, పక్కపక్కనే నిలువుగా పేర్చినట్టు నిలుస్తుంది. ముంబయిలోని గిల్బర్ట్ కొండలోనూ ఇటువంటి స్తంభాలే ఉన్నాయి. వరదలో పుట్టిన నిలువు సుడులు ఈ స్తంభాలను చిగురులోంచి పన్ను పీకినట్టు ఒక్కొక్కటిగా పీకేశాయి. పీకిన చోట మిగిలిన గోతులే నేటి చెరువులు, పీకలేక వదిలినవే గుట్టలు. స్తంభాల కొనలపై లేతపసుపు, నారింజ రంగుల్లో పొక్కుల్లా పట్టిన లైకెన్, అంటే నాచూ శిలీంధ్రమూ కలిసి బతికే జీవి, ఆ నల్లరాతికి దొరికిన ఒకే ఒక అలంకారం.

గోతులైతే ఏర్పడ్డాయి గాని, వాటిలోని నీటి కథ చోటుకో తీరుగా నడిచింది. స్పోకేన్‌కు దగ్గరలోని చీనీ పట్టణం పక్కన వాన కాస్త ఎక్కువ కావడంతో మడుగులు సహజంగానే ఉండేవి. స్పోకేన్ తెగవారు ఆ తడినేలల్లో కామస్ అనే దుంపను తవ్వుకొనేవారు. 20వ శతాబ్దం మొదట్లో వలస రైతులు పంటనేల వస్తుందన్న ఆశతో మురుగు కాలువలు తవ్వి ఆ మడుగులను ఎండగట్టారు. నీరు పోయింది గాని ఆశించిన పంట రాలేదు. చివరికి బాతుల వేటగాళ్లూ పక్షిప్రేమికులూ కలిసి పట్టుబట్టడంతో 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ చోటును టర్న్‌బుల్ వన్యప్రాణి ఆశ్రయంగా ప్రకటించాడు. కాలువలకు అడ్డుకట్టలు పడి మడుగులు తిరిగి నిండాయి.

ఒతెల్లో వైపు జరిగింది దీనికి తలకిందులు. 1933లో మొదలై 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీ ఆనకట్ట నుంచి ఈ ఎండునేలకు సాగునీరు మళ్లించే పథకంలో భాగంగా, ఎగువ పొలాల నుంచి జారిన నీటిని పట్టి దిగువ పొలాలకు అందించడానికి 1949లో ఓసల్లివన్ మట్టికట్టను ముగించారు. కాలువ కింద పల్లపు పొలాలు ఊటెక్కడం ఆయకట్టు రైతులకు తెలిసిన బాధే. ఇక్కడ మాత్రం పగుళ్లు నిండిన బసాల్ట్ గుండా కట్ట కిందికి దిగిన ఊట, పొలాల్లోకి కాక, వేల ఏళ్లుగా ఖాళీగా పడి ఉన్న వరద గోతుల్లోకి చేరి చెరువులైంది. వాటికి ‘సీప్ లేక్స్’, అంటే ఊటచెరువులు, అనే పేరే నిలిచిపోయింది. ఇంజినీర్లు లెక్కలో వృథా అని రాసుకొనే నీరు ఇంత అందంగా వృథా కావడం అరుదు. 1944లోనే ఏర్పడిన కొలంబియా వన్యప్రాణి ఆశ్రయంలో ఇప్పుడు జమ్ము మడుగు చుట్టూ తిరిగే బాటా, క్రాబ్ క్రీక్ వాగు వెంట సాగేదీ, ఫ్రాగ్ లేక్ పక్కనుంచి గుట్ట మీదికి చేరేదీ ఈ ఊటనీటి ఒడ్డునే ఉన్నాయి.

టర్న్‌బుల్ మీదుగా పోయే పొడవైన బాటది మరో వంశం. 1900ల మొదటి దశకంలో స్పోకేన్, పోర్ట్‌లాండ్, సియాటిల్ రైల్వే కోసం బసాల్ట్‌ను మందుపెట్టి పేల్చి కోతలు కోశారు, పల్లాల్లో కట్టలు పోశారు. రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు కనుక ఎత్తుపల్లాలు కనిపించనంతగా దారిని చదును చేశారు. రైళ్లు ఆగిపోయాక ఆ కట్టను 1991లో రాష్ట్ర ఉద్యానవనాల శాఖ తీసుకొని, చీనీ నుంచి పాస్కో వైపు సుమారు 209 కిలోమీటర్ల కొలంబియా ప్లాటో బాటగా మార్చింది. దీనిపై నేడు తీరిగ్గా నడిచేవారి సుఖమంతా నాటి రాళ్లు కొట్టిన కూలీల పుణ్యమే.

2009లో అమెరికా కాంగ్రెస్ మంచుయుగపు వరదల దారినంతటినీ జాతీయ భూగర్భ మార్గంగా గుర్తించింది. అయితే అది ఒకే కాలిబాట కాదు, నాలుగు రాష్ట్రాల్లోని చోట్లను కలుపుతూ రోడ్ల వెంట సాగే దారి. సియాటిల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారికి ఒతెల్లో కారులో సుమారు మూడు గంటల దూరం. వేసవిలో నల్లరాయి సెగలు కక్కుతుంది, ర్యాటిల్ అనే విషపాములు గోతుల్లోంచి బయటికొస్తాయి. మార్చి చివర్లో వెళితే ఎండ తక్కువ, ఉత్తరానికి పోతూ మొక్కజొన్న మోళ్లలో గింజలు ఏరుకొనే శాండ్‌హిల్ సారసాలు వేల సంఖ్యలో అక్కడే ఉంటాయి.