అద్భుతం గడప దాటాలి

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆ మధ్య మా ఇంట్లో పనిచేసే ఆమె నన్నో సందేహం అడిగింది. "అమ్మా, కూటంల ప్రార్థన చేస్తె రోగం పోతదంటున్నరు. మా చెల్లె గోలీలు బంద్ చెయ్యమంటవా?" అని. ఆ చెల్లెలికి వీపు మీద స్పర్శ లేని మచ్చ. మన పల్లెల్లో పెద్దరోగం అంటారే, అది. ప్రార్థనకు వెళితే వెళ్లనీ, గోలీలు మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దని చెప్పి పంపాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అసలు క్రైస్తవంలో అద్భుతాలు ఎందుకు? జనాన్ని నమ్మించడానికేనా?

తెలుగు బైబిలులో వీటికి అద్భుతాలు, మహత్కార్యాలు, సూచక క్రియలు అని మూడు మాటలున్నాయి. ఈ మూడో మాట గమనించండి. సూచన అంటే దారి చూపే గుర్తు. యోహాను సువార్త వాడేది ముఖ్యంగా ఈ మాటే. ఒక సూచన చూపమని పరిసయ్యులు పరీక్షించబోతే యేసు ఒప్పుకోలేదని మార్కు రాశాడు. దేవాలయ శిఖరం నుంచి దూకి చూపమన్న శోధనను కూడా ఆయన తోసిపుచ్చాడు. అంటే, ఇది చూసేవాళ్లను బలవంతాన నమ్మించే గారడీ కాదన్నమాట.

మరి దేనికి? మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఒక కుష్ఠరోగి కనిపిస్తాడు. ధర్మశాస్త్రం ప్రకారం అలాంటివాళ్లు ఊరి వెలుపల ఉండాలి. యేసు అతన్ని చేత్తో ముట్టుకున్నాడు. బాగుపడ్డాక ఎవరితోనూ చెప్పవద్దన్నాడు, వెళ్లి యాజకుడికి కనపడమన్నాడు. యాజకుడికే ఎందుకు? శుద్ధుడయ్యాడని ఆయన చెబితే తప్ప ఊళ్లోకి రానివ్వరు. రోగం పోవడం సగం పనే. ఇంటివాళ్లలో కలవడం మిగతా సగం.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 19వ శతాబ్దం చివర కరీంనగర్‌లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ పని మొదలుపెట్టింది. అదే మిషన్ తరఫున 1907లో డాక్టర్ ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వనిత, భర్త జార్జి కెర్‌తో కలిసి హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. మన పొరుగు జిల్లా నిజామాబాదులో రోగుల దుస్థితి చూసి, 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి ప్రారంభించారు. దానికి పెద్ద విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఆమె విశ్వాసం ఆమెది, ఆయన ధర్మం ఆయనది. పని మాత్రం ఒక్కటే.

ఆ రోజుల్లో మందంటే హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనె. దాన్ని సూదిమందుగా నెలల తరబడి ఇవ్వాలి. నొప్పి ఎక్కువ, గుణం అంతంతమాత్రం. అయినా లోకం దూరం పెట్టిన చేతులను ఒక డాక్టరమ్మ పట్టుకుని చూసేది. ఆమె 1932లో కన్నుమూసింది. 1940లలో డాప్సోన్ గోలీ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడే చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది.

మరి రెండో సగం సంగతి? కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు మన వివాహ చట్టాల్లో ఎన్నో ఏళ్లు ఉండిపోయింది. దాన్ని తీసేసింది 2019లో! మందు వచ్చాక చట్టం మారడానికి అన్నేళ్లు పట్టింది. దానివల్ల ఎక్కువగా నలిగింది ఎవరో మనకు వేరే చెప్పాలా?

మా పనామె చెల్లెలు ఇప్పుడు కూటానికీ పోతోంది, గోలీలూ మింగుతోంది. మచ్చ తగ్గుముఖం పట్టింది. కాని అత్తగారింట్లో ఆమె కంచం ఇంకా వేరుగానే ఉందట. ఆ కంచం అందరి కంచాల్లో కలపడానికి ఏ అద్భుతమూ అక్కర్లేదు. అది వంటింట్లో మనం చెయ్యవలసిన పని.