ఇంజను ఆయిల్ (చిన్న ఇంజన్లు)

ఇంజను ఆయిల్ అనగా అంతర్దహన యంత్రాలలో కదిలే భాగాల నడుమ ఘర్షణను తగ్గించుటకు వాడే కందెన నూనె. నీరు తోడే డీజిల్ ఇంజన్లు, జనరేటర్లు, పవర్ వీడర్లు, గడ్డి కోత యంత్రాలు వంటివి ఎన్నేళ్ళు పనిచేస్తాయన్నది చాలావరకు ఈ నూనె ఎంపికపైన, దానిని సకాలంలో మార్చడంపైన ఆధారపడి ఉంటుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాలలో ఇటువంటి ఇంజన్లు వ్యవసాయానికి, చేపల చెరువులకు వాడుకలో ఉన్నాయి.

ప్రాంతీయ నేపథ్యం

కొల్లేరు సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు ఇందులో కలుస్తాయి. సరస్సు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతం చేరుతుంది. కైకలూరు, ఆకివీడు పరిసరాలలోని చెరువులలో శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) చేపలను పెంచుతారు. చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయిలో ఉంటుంది. ఆ వేళ విద్యుత్తు పోయి, జనరేటరు కదలకపోతే ఒక్క రాత్రిలోనే పంట మొత్తం నష్టపోయే ప్రమాదం కలదు. అందుచేత ఇంజను సంరక్షణ ఈ ప్రాంతంలో కేవలం మరమ్మతు ఖర్చుకు సంబంధించిన విషయం కాదు.

తాడేపల్లిగూడెం డెల్టా భూములకు, మెట్ట భూములకు సరిహద్దున ఉన్నది. దీనికి సమీపంలోని వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం స్థాపించబడినది. మెట్ట తోటలలో కలుపు తీయుటకు, గడ్డి కోయుటకు చిన్న పెట్రోలు ఇంజన్లను వాడుతారు.

చరిత్ర

గడ్డి కోత యంత్రాన్ని 1830లో ఇంగ్లాండులో ఎడ్విన్ బడ్డింగ్ కనిపెట్టాడు. అది మనిషి తోసే యంత్రం. ఇంజను అమర్చిన రకాలు తరువాత వచ్చాయి. నీరు తోడే ఇంజన్లలో పేరుపొందిన లిస్టర్ సి.ఎస్. రకం 1929లో ఇంగ్లాండులో వెలువడినది. ఈ నమూనా ఇంజన్లు తరువాతి కాలంలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ సంస్థ 1946లో పూణేలో ప్రారంభమైనది. లిస్టర్ నమూనా ఇంజను నిమిషానికి సుమారు 650 చుట్లు తిరుగుతుంది. తరువాతి డీజిల్ పంపుసెట్లు ఎక్కువగా 1500 చుట్ల వేగానికి, గడ్డి కోత యంత్రాలు సుమారు 3000 లేదా అంతకు మించిన వేగానికి రూపొందించబడ్డాయి.

నూనె చేసే పనులు

ఇంజను ఆయిల్ ఈ క్రింది పనులు చేస్తుంది.
- బేరింగులు, పిస్టన్, సిలిండరు గోడల మధ్య పలుచని పొరగా నిలిచి అరుగుదలను తగ్గించుట
- లోపలి భాగాల వేడిని గ్రహించుట
- పిస్టన్ రింగుల సందులను మూసి కుదింపు నిలుపుట
- మసిని, లోహపు పొడిని తనలో తేల్చి ఉంచుట
- ఆమ్లాలను నిర్వీర్యం చేసి తుప్పును అరికట్టుట

చిన్న గడ్డి కోత యంత్రాలలో చాలావాటికి ఆయిల్ ఫిల్టరు ఉండదు. లిస్టర్ వంటి పాత ఇంజన్లలోనూ నూనె చిమ్మడం ద్వారానే భాగాలు తడుస్తాయి. ఇటువంటి ఇంజన్లలో మసి బయటకు పోయే మార్గం ఒక్కటే, అది నూనెను దింపివేయుట. కనుక ఖరీదైన నూనె పోసి ఎక్కువ కాలం వాడటం కంటె, తగిన రకం నూనెను వేళకు మార్చడం మేలు.

చిక్కదనం

డబ్బాపై కనిపించే 30, 20డబ్ల్యు-40, 15డబ్ల్యు-40 వంటి అంకెలు ఎస్.ఏ.ఇ. స్నిగ్ధతా శ్రేణిని తెలుపుతాయి. 'డబ్ల్యు' ముందున్న అంకె చలిలో నూనె ప్రవహించే తీరును, చివరి అంకె 100 డిగ్రీల సెల్సియస్ వద్ద చిక్కదనాన్ని సూచిస్తాయి. 100 డిగ్రీల వద్ద 30 శ్రేణి నూనె చిక్కదనం 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల లోపు, 40 శ్రేణి నూనెది 12.5 నుండి 16.3 సెంటీస్టోకుల లోపు ఉంటుంది.

కోస్తా జిల్లాలలో గడ్డకట్టే చలి లేదు. అందుచేత ఇక్కడ మొదటి అంకె కంటె రెండవ అంకెకే ప్రాధాన్యం ఎక్కువ. గాలితో చల్లబడే ఇంజన్లలో వేసవి ఎండకు నూనె పలుచబడి త్వరగా ఖర్చవుతుంది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ తన సూచనలలో 27 డిగ్రీలు దాటిన వాతావరణంలో 10డబ్ల్యు-30 వాడితే నూనె ఖర్చు పెరగవచ్చునని, ఎండ ప్రాంతాలకు 30 శ్రేణి నూనె తగునని పేర్కొన్నది. అయితే తయారీదారు పుస్తకంలో చెప్పిన శ్రేణిని మించి చిక్కని నూనె పోయరాదు. అది ఇరుకు సందులలోకి ఆలస్యంగా చేరుతుంది.

గేరు ఆయిల్‌పై ఉండే 90 అనే అంకె వేరొక కొలమానానికి చెందినది. దానిని ఇంజనులో పోయరాదు. అలాగే టూ-స్ట్రోక్ ఇంజన్లకు క్రాంక్ కేసులో నూనె ఉండదు. 2టి నూనెను పెట్రోలులోనే కలుపుతారు. 50:1 నిష్పత్తి అయితే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40 మిల్లీలీటర్లు కలపాలి.

నాణ్యతా శ్రేణి

ఏ.పి.ఐ. వర్గీకరణలో 'ఎస్' అక్షరంతో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, 'సి' తో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్లకు చెందినవి. సి.ఎఫ్.-4 శ్రేణి 1990లో, సి.ఐ.-4 శ్రేణి 2002లో, సి.కె.-4 శ్రేణి 2016లో వచ్చాయి. డీజిల్ ఇంజనులో మసి ఎక్కువగా తయారవుతుంది కనుక పెట్రోలు వాహనాలకు మాత్రమే ఉద్దేశించిన నూనె పంపుసెట్టుకు తగదు.

డీజిల్‌లోని గంధకం మండినపుడు ఆమ్లాలు ఏర్పడతాయి. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణం ప్రకారం డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలు మించరాదు. దీనివలన నూనెపై ఆమ్లాల భారం మునుపటికంటె తగ్గినది. మసి, ధూళి, తేమల సమస్య మాత్రం అలాగే ఉన్నది.

మార్చవలసిన కాలం

పొలం ఇంజన్ల నూనె వయసును కిలోమీటర్లలో కాక గంటలలో కొలుస్తారు. పలు డీజిల్ పంపుసెట్లకు 250 గంటలు సాధారణ పరిమితి. 1500 చుట్ల ఇంజను 250 గంటలలో 2 కోట్ల 25 లక్షల చుట్లు తిరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడిచే వాహనం ఇదే సమయంలో 10,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. రోజుకు 10 గంటలు నీరు తోడే ఇంజనుకు ఈ గడువు 25 రోజులలోనే ముగుస్తుంది. ఏడాదికి ఒకసారి మార్చితే చాలుననుకోవడం ఇటువంటి ఇంజన్లకు వర్తించదు.

హోండా జి.ఎక్స్. తరగతి పెట్రోలు ఇంజన్లకు మొదటి మార్పు 20 గంటలకు, ఆపై ప్రతి 100 గంటలకు లేదా 6 నెలలకు సూచించబడినది. కొత్త ఇంజనులో భాగాలు ఒరుసుకుని లోహపు పొడి రాలుతుంది కాబట్టి మొదటి మార్పు త్వరగా చేస్తారు. తక్కువగా వాడే యంత్రంలో సైతం నూనె తేమను పీల్చి పాడవుతుంది కనుక కనీసం ఏడాదికొకసారి మార్చాలి. ఇంజను వేడిగా ఉన్నపుడు దింపితే మలినాలు నూనెతో పాటు బయటకు వస్తాయి.

గుర్తించవలసిన లక్షణాలు

- నూనె పాలు కలిపిన టీ రంగుకు మారితే నీరు కలిసినదని అర్థం. నీటితో చల్లబడే ఇంజన్లలో సిలిండరు లైనరు రబ్బరు రింగులు పాడయినపుడు ఇట్లు జరుగుతుంది.
- గేజి కడ్డీపై మట్టం పెరిగి, నూనె పలుచబడి డీజిల్ వాసన వస్తే ఇంధనం కారుచున్నదని గ్రహించాలి.
- మట్టం తరచు తగ్గి, నీలిరంగు పొగ వస్తే రింగులు అరిగి ఉండవచ్చు.
- డీజిల్ ఇంజనులో నూనె త్వరగా నల్లబడటం దోషం కాదు. మసిని తనలో నిలుపుకుంటున్నదనుటకు అది గుర్తు.

చెరువు నీటినే నేరుగా ఇంజను గుండా పంపినపుడు ఇంజను అతిగా చల్లబడవచ్చు. అపుడు లోపలి తేమ ఆవిరి కాక నూనెలో బురదవంటి మడ్డి పేరుకొనును.

వాడిన నూనె

వాడిన ఇంజను ఆయిల్‌లో లోహాలు, హానికర హైడ్రోకార్బన్లు ఉంటాయి. నీటిపై ఇది పలుచని పొరగా పరచుకొని ప్రాణవాయువును నీటిలో కరగనీయదు. కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం 1999లో అభయారణ్యంగా ప్రకటించబడినది. 2002లో ఈ సరస్సు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినది. కాలువ గట్టున దింపిన నూనె చివరకు చేరేది ఈ నీటిలోకే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు వాడిన నూనెకు వర్తిస్తాయి. దానిని మూత గల డబ్బాలో, నీరు కలవకుండా నిలువచేసి, అనుమతి పొందిన సేకరణదారులకు అందజేయాలి. చేతులకు అంటినపుడు సబ్బుతో కడుగుకోవాలి.

ఇవి కూడా చూడండి

- కొల్లేరు సరస్సు
- ఉప్పుటేరు
- తాడేపల్లిగూడెం
- అంతర్దహన యంత్రం
- స్నిగ్ధత