చెవి మిషన్ చిన్నదైంది, సెల్లు దూరమైంది

కాకినాడలో మా దుకాణానికి "పోయిందండీ" అంటూ తెచ్చే చెవి మిషన్లలో చాలావాటికి లోపల ఏమీ పోయి ఉండదు. సెల్లు పెట్టే గడి తెరిచి చూస్తే స్ప్రింగుకి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. లేదా ఎప్పుడో అయిపోయిన సెల్లు అందులోనే ఉబ్బి ఇరుక్కుపోయి ఉంటుంది. గీకి, తుడిచి, కొత్త సెల్లు వేస్తే కూత వినిపిస్తుంది. ఈ పనిలో ఇన్నేళ్లుగా ఉండి, పాత మిషన్లు విప్పి చూసి, వాటి కథ చదివి నేను తెలుసుకున్నది ఇది: వినిపించే భాగం కన్నా దాన్ని నడిపే సెల్లే మనిషిని ఎక్కువ కష్టపెట్టింది. మిషన్ ఆకారం మారిన ప్రతిసారీ దాని వెనుక సెల్లు మారడం ఉంది.

తొలినాళ్ల చెవి బూరలకు ఈ బాధ లేదు. సంగీతకారుడు బీతోవెన్ కోసం మేల్జెల్ అనే ఆయన చేసిచ్చిన లోహపు బూరలు అలాంటివే. చెవికి ఆనించుకుంటే అవతలివాళ్ల గొంతు కాస్త పోగై వచ్చేది, అంతే. కరెంటుతో నడిచే చెవి మిషన్ 1898లో వచ్చింది. అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ అనే ఇంజనీరు టెలిఫోన్‌లో వాడే కార్బన్ మైకునే తీసుకుని అకూఫోన్ అనే మిషన్ తయారుచేశాడు. అది బల్ల మీద పెట్టుకోవాల్సినంత పెద్దది. తర్వాత వచ్చిన అకూస్టికాన్‌ని మోసుకుపోవచ్చు. బ్రిటన్ రాణి అలెగ్జాండ్రాకి వినికిడి తక్కువ. 1902లో భర్త ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆమె హచిసన్ మిషన్ పెట్టుకున్నారని చెబుతారు.

కార్బన్ మైకులో సన్నని గుళికలు ఉంటాయి. మాట తగిలినప్పుడల్లా అవి బిగుసుకుని వదులవుతుంటే వాటిలోంచి పోయే కరెంటు హెచ్చుతగ్గులవుతుంది. చెమ్మ తగిలితే గుళికలు ముద్దకట్టేవి, అప్పుడు మిషన్‌ని తట్టి కదిలించుకోవాలి. చెమ్మతో పోరు అప్పుడే మొదలైంది. సముద్రం పక్కన ఉండే మాకు ఆ పోరు ఈ రోజుకీ తీరలేదు.

1920లలో పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు వచ్చాయి. వినికిడి బాగా పెరిగింది, మోయాల్సిన బరువు కూడా పెరిగింది. వాల్వులోని తీగని వేడిచేయడానికి ఒక సెల్లు, వాల్వుని నడపడానికి 22.5 వోల్టులదో, 45 వోల్టులదో ఇంకో బ్యాటరీ కావాలి. మొదటిది త్వరగా అయిపోయేది, రెండోది ఎక్కువ రోజులు వచ్చేది. రెండింటి లెక్కా వేర్వేరుగా గుర్తుంచుకోవాలి. మిషన్ ఒకచోట, బ్యాటరీల సంచి ఒకచోట, మధ్యలో వైర్లు. ఆడవాళ్లు బ్యాటరీలను గౌను లోపల తొడకి కట్టుకుని తిరిగేవాళ్లు. నలుగురితో కూర్చుని మాట్లాడాలన్న ఆశకి వాళ్లు ఒంటి మీద ఎంత బరువు మోశారో తలచుకుంటే నాకు వాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

ఆ బరువు దించినవి రెండు. మొదటిది యుద్ధంలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉష్ణ దేశాల ఎండకీ ఉక్కకీ మామూలు సెల్లులు నిలవకుండా పాడైపోతుంటే, అమెరికా సైన్యం కోసం శామ్యూల్ రూబెన్ అనే ఆయన పాదరసం సెల్లు తయారుచేశాడు. యుద్ధం అయ్యాక అది గుండీ అంత సైజులో చెవి మిషన్లకి చేరింది. రెండోది ట్రాన్సిస్టర్. బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబర్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్ జనం కొనుక్కునే వస్తువులోకి మొదట వచ్చింది రేడియో ద్వారా కాదు, చెవి మిషన్ ద్వారా. 1952 చివర్లో అమ్మకానికి వచ్చిన సోనోటోన్ 1010లో రెండు చిన్న వాల్వులు, ఒక్క ట్రాన్సిస్టర్ ఉండేవి. ధర 229 డాలర్ల 50 సెంట్లు. టెలిఫోన్ కనిపెట్టిన, ఆ కంపెనీకి పేరిచ్చిన గ్రాహంబెల్ తల్లికీ, భార్యకీ వినపడదు, బెల్ కూడా బధిరుల కోసమే పనిచేశాడు. ఆయన మీద గౌరవంతో చెవి మిషన్లలో వాడే ట్రాన్సిస్టర్లకి పేటెంటు రుసుము వద్దనుకుంది బెల్ కంపెనీ. ఈ మాట చదివినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఏడాది తిరక్కుండానే వాల్వులు లేని మిషన్లు వచ్చేశాయి. పెద్ద బ్యాటరీ పోయింది. మిషన్ కళ్లజోడు కాడలోకీ, అక్కణ్ణించి చెవి వెనక్కీ ఎక్కింది.

మన దగ్గర చాలా ఏళ్లు జేబు మిషనే రాజ్యమేలింది. కాన్పూర్‌లో దివ్యాంగులకు పరికరాలు చేసే అలిమ్కో సంస్థ 1972లో ఏర్పడింది. 1981 నుంచి కేంద్రం, దివ్యాంగులకు పరికరాలు ఇచ్చే ఆదిప్ పథకం కింద, శిబిరాలు పెట్టి మిషన్లు పంచుతూ వచ్చింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, పొడవాటి వైరు, లోపల పెన్సిల్ సెల్లు. మగవాళ్లు చొక్కా జేబులో, ఆడవాళ్లు జాకెట్టులో పెట్టుకునేవారు. చీర రాపిడి మైకులో గరగరమనేది, చెమట లోపలికి దిగేది. అయినా ఆ మిషన్లో ఒక గొప్ప సుగుణం ఉంది. దాని సెల్లు ఊళ్లో కిరాణా కొట్టులో దొరికేది. నెల్లూరు ఫ్యాక్టరీలో తయారైన నిప్పో సెల్లుని తుని మన్యంలో కూడా అమ్మేవారు. ఎవరి చేతికైనా పట్టు దొరికే సైజు. జింకు సెల్లుకి పైన ఉండే డబ్బానే లోపల కరిగి ఖర్చవుతుంది కాబట్టి, పాత సెల్లు మిషన్లోనే వదిలి పండక్కి ఊరెళ్తే వచ్చేసరికి కారిపోయి ఉండేది. జేబు మిషన్ వాడకంలో అసలు జాగ్రత్త పాత సెల్లు తీసేయడమొక్కటే.

పాదరసం విషం కావడంతో ఆ సెల్లులు క్రమంగా పోయాయి. అమెరికాలో 1996లో చట్టమే వచ్చింది. వాటి బదులు 1970ల చివరి నుంచి జింక్-ఎయిర్ సెల్లు వచ్చింది. దీనికి గాలే ఆహారం. పైన చిన్న కన్నాలు, వాటి మీద స్టిక్కర్. పసుపు స్టిక్కర్ 10 నంబరు, గోధుమరంగు 312, నారింజ 13, నీలం 675. స్టిక్కర్ తీశాక వెలిగించిన అగరొత్తిలాగా అది ఖర్చవుతూనే ఉంటుంది, మళ్లీ అంటించినా పెద్దగా లాభం లేదు. స్టిక్కర్ తీసి ఐదు నిమిషాలు గాలికి ఉంచి, ఆ తర్వాతే మిషన్లో వేయాలి. ఆత్రంగా వెంటనే మూసేసేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత సెల్లు మంచిది కాదంటారు. మా కోస్తా చెమ్మ గాలికి సెల్లు నీరు పీల్చుకుంటుంది, తెలంగాణలో మే నెల వడగాలికి ఎండిపోతుంది. రెండు చోట్లా ఆయుష్షు తగ్గుతుంది. ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుందనుకోవడం పొరపాటు, బయటికి తీయగానే నీరు పడుతుంది.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. మిషన్ చిన్నదవుతూ వచ్చింది, దాంతోపాటు సెల్లు ఊరి కొట్టుకి దూరమైంది, ముసలి చేతికి కూడా దూరమైంది. పిఠాపురం దగ్గర పల్లె నుంచి ఒక మామ్మగారు వస్తారు. చూపు మందగించింది, వేళ్లు వణుకుతాయి. నా ముందు కూర్చుని 312 సెల్లు గడిలో పెట్టబోతే అది జారి బల్ల కిందికి దొర్లింది. "బాబూ, ఇది నా చేతికి చిక్కదు నాయనా, ఆ పాత డబ్బా మిషనే ఇచ్చెయ్యి" అన్నారు. ఆవిడ మాట సబబే. కొత్త మిషన్ వినిపించే తీరులో ఎంతో మెరుగు, కానీ ఆవిడ ఇంట్లో సెల్లు మార్చిపెట్టే మనిషి లేడు. ఇప్పుడు ఛార్జింగ్ పెట్టుకునే లిథియం మిషన్లు ఆ కష్టం తీరుస్తున్నాయి. ధర అందరికీ అందదు. పైగా కొన్నేళ్లకి లోపలి బ్యాటరీ నీరసిస్తే చాలావాటిని కంపెనీకే పంపాలి.

అందుకే మిషన్ కొనడానికి వచ్చిన ప్రతి కుటుంబంలోనూ కొడుకో, కోడలో, మనవరాలో ఒకరిని పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తాను. రాత్రి మిషన్ ఆపి, గడి తలుపు తెరిచి, సెల్లు బయటికి తీసి, మిషన్‌ని సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. బియ్యం డబ్బాలో వద్దు, తవుడు కన్నాల్లోకి పోతుంది. సెల్లు ముట్టుకునే ముందు నూనె చేతులు తుడుచుకోండి. చిల్లర డబ్బులతో కలిపి పర్సులో వేయకండి. పిల్లల చేతికి అస్సలు అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల బీరువాలో చెవి మిషన్ పడి ఉంటే ఈ ఆదివారం బయటికి తీయండి. పాత సెల్లు తీసేసి, గడిని మెత్తని పొడి బ్రష్షుతో శుభ్రం చేసి, స్టిక్కర్ తీసిన కొత్త సెల్లుని ఐదు నిమిషాలు ఆగి వేయండి. అప్పటికీ పలకకపోతేనే దుకాణానికి తీసుకురండి.