మోటారుబండి దాహము



మోటారుబండి చరిత్రయనగానే దాని వేగమును గూర్చియు, పందెములను గూర్చియు చెప్పువారు పెక్కురు గలరు. నేనీపూట మీకు విన్నవింపబోవునది దాని దాహమును గూర్చి. బండి ముందుభాగమున, రేడియేటరు వెనుక, పాత బండ్లలో పంకాతో ఒకే ఇరుసుపై తిరుగుచు, ఒక చిన్న నీటి పంపుండెడిది. బండి కొన్నవారిలో దానిని కన్నులార చూచినవారు అరుదు. అది పని మానినచో అరగడియలో ఇంజను పాడగును. దాని పుట్టుపూర్వోత్తరములు నాకు మొదట పుస్తకముల వలన తెలియలేదు. మా పెదనాన్నగారి వలనను, 1987వ సంవత్సరపు వైశాఖపు ఎండ వలనను తెలిసినవి.

అప్పుడు నాయొద్ద ఒక పాత బండి యుండెను. దాని పేరు చెప్పను. ఇరువది యేండ్లు చాకిరి చేసినదానిని ముదిమిలో నిందించుట న్యాయము కాదు. ఆ బండి నీరు త్రాగుచున్నదని ఆ చలికాలముననే కనిపెట్టితిని. పట్టణములోని ఒక పనివానికి రెండు మారులు చూపగా, రెండు మారులును అతడు రేడియేటరునకు మాటువేసి సొమ్ము పుచ్చుకొనెను. కారుట మాత్రము మానలేదు. అతనిని నే నేమియు అడుగలేదు గనుక దోషములో సగము నాదే. "చెంబెడు నీళ్లు పోసికొనుచు తిరుగవచ్చునులే" యని ఊరకుంటిని.

వైశాఖమున పెదనాన్నగారికి మూత్రము బంధించినది. ఆ బాధ యెట్టిదో మీలో ఎరిగినవారుందురు. తెల్లవారుజామున బండిలో పరుండబెట్టి పట్టణపు ఆసుపత్రికి బయలుదేరితిని. సగము దారిలో ముందునుండి తెల్లని ఆవిరి లేచినది. తొందరలో గుడ్డయైనను చుట్టుకొనక రేడియేటరు మూత విప్పితిని. సలసల కాగు నీరు మోచేతివరకు చిమ్మినది. ఆ మచ్చ ఇప్పటికిని ఉన్నది. పెదనాన్నగారిని చింతచెట్టు నీడకు దింపితిమి. లారీవారొకరు దయదలచి ఎక్కించుకొనువరకు, గంటన్నరసేపు ఆయన పండ్లు బిగబట్టి మూలుగుచుండగా, నేను కాలిన చేతితో ప్రక్కన నిలుచుండిన దినము నేటికిని మరవలేదు. దైవవశమున ఆయన కోలుకొని పదిదినములలో ఇల్లు చేరెను. నన్నొక మాటయు అనలేదు. అనినచో బాగుండెడిది.

ఇంజనుకు ఇంతటి దాహ మేలయని మీరడుగవచ్చును. పెట్రోలు మండగా పుట్టు వేడిమిలో స్థూలముగా మూడవవంతుకంటె ఎక్కువ చక్రములు త్రిప్పుటకు పనికిరాదు. కొంత పొగతో వెలికి పోవును. మిగిలిన దానిని ఎవరైన మోసికొనిపోకున్నచో లోహము వ్యాకోచించి, లోపలి ముషలము గొట్టములో బిగిసి, ఇంజను తల వంకరపోవును. ఆ మోత పని నీటిది.

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అనునతడు 1886వ సంవత్సరము జనవరి 29వ తేదీన తన మూడు చక్రముల బండికి పేటెంటు కోరెను. ఆ బండికి నేటివంటి రేడియేటరు లేదు. ఇంజను చుట్టును ఉన్న నీరు కాగి ఆవిరియై గాలిలో కలిసిపోవును, తిరిగి పోయవలెను. అంతే. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తతో చెప్పకయే, మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము ఆ బండిలో వెళ్లెను. మోటారుబండిలో దూరప్రయాణము చేసినవారిలో ఆమెయే మొదటిది. ఇంధనమును మందుల దుకాణమున కొనెను. నీటికొరకు మాత్రము దారిలో కనబడిన నూతినెల్ల, వాగునెల్ల ఆశ్రయించెను. చింతచెట్టుక్రింద చెంబు పట్టుకొని నిలుచున్న నేను, నూరేండ్ల తరువాత, ఆమె యున్నచోటనే యుంటిని. ఆమె మాత్రము తెలిసి నీరు మోసికొన్నది.

పోసిన నీటినే మరల మరల వాడు ఉపాయము క్రమముగా వచ్చినది. 1900వ సంవత్సరపు చివర డైమ్లరు కంపెనీలో విల్‌హెల్మ్ మేబాక్ అను ఇంజనీరు మెర్సిడిస్ బండికి తేనెపట్టువంటి రేడియేటరును అమర్చెను. అందు సన్నని చదరపు గొట్టములు 8,070. వాని నడుమనుండి గాలి పోవును, వాని చుట్టును నీరు పారును. ఆ యేర్పాటువలన 35 గుర్రముల బలము గల ఆ బండికి తొమ్మిది లీటర్ల నీరు చాలినది.

నీటిని త్రిప్పుటకు పంపు కావలెనా, అక్కరలేదా? ఈ ప్రశ్నపై ముప్పదియేండ్లు వాదము నడచినది. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో తన టీ మాదిరి బండిని వెలువరించినపుడు మొదటి 2,500 బండ్లకు సుమారుగా పంపుండెను. పిమ్మట దానిని తీసివేసెను. వేడినీరు తేలిక గనుక పైకి లేచును, చల్లని నీరు బరువు గనుక క్రిందికి దిగును. ఎసటిలో బియ్యపుగింజలు పైకి క్రిందికి తిరుగుట మన ఇల్లాండ్రు నిత్యము చూచునదే. ఆ న్యాయముననే నీరు తనంతట తాను ఇంజనులో ఎక్కి రేడియేటరులో దిగును. పంపు లేదు గనుక పంపు చెడుటయు లేదు. 1927వరకు ఒకటిన్నర కోటి టీ బండ్లు తయారైనవి. పేదవాని బండికి ఇంతకంటె మంచి ఉపాయము లేదని నా యభిప్రాయము.

కాని దానికొక లోపము గలదు. నీరు పైగొట్టపు మట్టముకంటె దిగినచో ప్రవాహము తెగిపోవును. బలమైన ఇంజనుకు ఆ మందగతి చాలదు. టీ బండికి విడిగా తగిలించుకొను పంపులను ఇతరులు తయారుచేసి అమ్మసాగిరి! 1927లోనే టీ బండికి మారుగా వచ్చిన ఏ మాదిరి బండికి ఫోర్డు తానే మరల పంపు పెట్టెను. తీసివేసినవాడే తిరిగి పెట్టుటతో వాదము చాలవరకు ముగిసినది. ఇంగ్లండులో ఆస్టిన్ సెవెన్ వంటి చిన్న బండ్లు మాత్రము ఇంకను కొంతకాలము పంపు లేకయే నడచినవి.

ఇక ఆ పంపు మీరెరుగని వస్తువు కాదు. యాతములును మోటలును పోయి మన పొలములకు ఆయిలు ఇంజన్లు వచ్చినపుడు వానితో వచ్చిన పంపే అది. గుండ్రని గూటిలో రెక్కల చక్రము తిరుగును. నడుమ చేరిన నీటిని అంచునకు విసరును. కవ్వముతో చిలుకునపుడు మజ్జిగ కుండ అంచున పైకెగయుట చూచితిరి గదా! ఈ సూత్రముమీద డెనిస్ పపాన్ అను ఫ్రెంచి పండితుడు పదునేడవ శతాబ్దము చివర పంపు నిర్మించెను. 1851లో లండను మహాప్రదర్శనమున జాన్ ఆపోల్డ్ అనునతడు రెక్కలను వంపుగా చేసి, తిన్నని రెక్కలకంటె అవి రెండురెట్లకుపైగా ఫలమిచ్చునని చూపెను.

చక్రమును గూటిలో పెట్టుట సులభము. ఇరుసు గూటిలోనుండి వెలికి వచ్చు చోటు కష్టము. ఇరుసు తిరుగవలెను, నీరు రాకూడదు. పాతకాలపు పంపులలో ఆ సందున గ్రీజుతోను నల్లసీసపు పొడితోను తడిపిన త్రాడు చుట్టి, పైనుండి మరతో బిగించెడివారు. మీ పంపులయొద్ద గ్లాండని మీరు పిలుచునది అదియే. వదులైనచో బిగింతురు, అరిగినచో త్రాడు మార్తురు. మోటారుబండి పంపులకును మొదట అదే యేర్పాటు; బండివాడు తరచు గ్రీజు పెట్టవలెను, మర బిగింపవలెను. పట్టణవాసులు ఈ సేవ చేయరని తెలిసి, తయారుచేయువారు క్రమక్రమముగా త్రాటిని తీసివేసి, నున్నని ముఖముమీద బొగ్గు వలయమొకటి స్ప్రింగు బలముతో ఒత్తుకొని యుండునట్లు అమర్చిరి. దానికి సేవ అక్కరలేదు; చికిత్సయు లేదు. అరిగినచో పంపునే మార్చవలెను.

ఈ చరిత్ర నాకు తెలియకమునుపే మా పెదనాన్నగారు రోగము పోల్చిరి. కోలుకొన్న పిదప ఒక ఉదయము అరుగుమీద కూర్చుండి నా అవస్థ చూచుచు, "అబ్బాయీ! రేడియేటరు కారేదైతే బండి ఊరకే ఉన్నప్పుడూ కారాలి గదరా. ఇది తిరిగినప్పుడే కారుతోంది. తిరిగేచోట చూడు" అనిరి. ఈ న్యాయము పూర్తిగా నిలువదు. వేడెక్కి ఒత్తిడి పెరిగినపుడు రేడియేటరులోని సన్నని బీటయు కారవచ్చును. అయినను దారి చూపుటకు చాలినది.

ఇంజను చల్లారియుండగా అంతయు పొడిగుడ్డతో తుడిచి, నీరు నిండుగ పోసి, క్రింద పాత వార్తాపత్రిక పరచి, కొంతసేపు నడిపి ఆపితిని. పంకా అదే ఇరుసుపై నుండుటచేత, కారిన నీటిని నలుదెసలకు చిమ్మి రేడియేటరును, గొట్టములను ఒకటిగా తడుపుచుండెను. పనివాడు మోసపోయినది ఇచ్చటనే. దీపము పెట్టి పంపు అడుగున చూడగా సన్నని రంధ్రమొకటి, దానినుండి తుప్పురంగు చారయొకటి కనబడినవి. పంకా రెక్కను పట్టి ముందునకు వెనుకకు ఊపగా ఇరుసు టకటకలాడినది. బేరింగు అరిగి, ఇరుసు వణకి, బొగ్గు వలయము ముఖము చెడినదన్నమాట. పెదనాన్నగారు "గ్లాండు బిగించు" అనిరి. బిగించుటకు గ్లాండు లేదు. ఆ సంగతి విని ఆయన, "బిగించేందుకు లేకుండా చేసిన పంపేమి పంపురా!" యని చాలసేపు నవ్విరి.

ఆ రంధ్రమును సబ్బుతో పూడ్చుమని సలహా చెప్పినవారును లేకపోలేదు. మీరెన్నడును అట్లు చేయకుడు. వలయమును దాటిన నీరు బేరింగులోనికి పోకుండ వెలికి పోవుటకే అది యేర్పడినది. పూడ్చినచో బేరింగు తుప్పుపట్టి, ఒకనాడు పంకా ఊడి రేడియేటరును చీల్చును.

క్రొత్త పంపు తెప్పించి, చల్లారిన బండి ముందు కూర్చుంటిని. రేడియేటరు అడుగు కుళాయి విప్పితిని. ఇంజను ప్రక్కనున్న కుళాయి విప్పగా చుక్కయు రాలేదు. తీగతో పొడిచిన పిమ్మట గోధుమరంగు బురద వెడలినది. అది ఇన్నేండ్లు నేను పోసిన నూతినీటిలోని సున్నమును, ఇంజను తుప్పును. డైనమోను సడలించి పటకా తీసితిని. పంకా విప్పి, గొట్టము లాగి, నాలుగు బోల్టులు ఊడదీసితిని. పంపు రాలేదు. కొయ్యసుత్తితో మెల్లగా తట్టగా వచ్చినది. చోటు తుడిచి, క్రొత్త కాగితపు గ్యాస్కెట్టు పెట్టి, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగ బిగించి, మధ్యాహ్నమునకు ముగించితిని. నీరు పోసి నడుపగా మరల కారెను!

అంతయు మరల విప్పితిని. పాత గ్యాస్కెట్టు ముక్కయొకటి, చిటికెనవ్రేలి గోరంత, ఇంజను ముఖమునకు అంటుకొని యుండెను. దానిని గీకి తీసి, క్రొత్త గ్యాస్కెట్టు మరియొకటి తెప్పించి పెట్టునప్పటికి ప్రొద్దుగ్రుంకినది. పటకాను నడుమ వ్రేలితో నొక్కగా అరయంగుళము దిగునంత వదులుంచితిని. అతిగా బిగించుట బేరింగులకు చేటు. పాత పంపు చెడుటకు కారణము నా బిగింపేయని నా అనుమానము.

మూత సంగతి యొకటి చెప్పవలసియున్నది. రేడియేటరు మూత ఊరక మూయుటకు కాదు. లోపల ఒత్తిడి నిలుపుటకు. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నిలిచినచో నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 111 డిగ్రీలకు మరగును. వేడిమీద మూత విప్పగానే ఆ ఒత్తిడి పోయి నీరంతయు ఒక్కుమ్మడి మరగి ముఖమునకు ఎగయును. ఇంజను పూర్తిగా చల్లారువరకు దానిని ముట్టరాదు. ఇప్పుడు నీటితో కలిపి పోయు రంగుద్రవమున్నదే, ఇథిలీన్ గ్లైకాల్ చేరినది, అది తుప్పును ఆపును. కాని తియ్యగా నుండు విషము. విప్పిన నీటిని పశువులు, కుక్కలు త్రాగుచోట పారబోయకుడు.

2009లో వెలువడిన టొయోటా ప్రియస్ బండిలో నీటి పంపు విద్యుత్తుతో తిరుగునట్లు చేసి పటకానే తీసివేసిరి. ఇంజనే లేని విద్యుత్తుబండ్లలోను బ్యాటరీలను చల్లార్చుటకు పంపులు తిరుగుచునే యున్నవి.

ఆ రాత్రి బండిని ఊరిచుట్టు రెండు మారులు త్రిప్పి, అరుగు ముందు నిలిపి, క్రింద మరల పత్రిక పరచితిని. తెల్లవారి పెదనాన్నగారు నాకంటె ముందు లేచి, కర్ర ఊతతో వంగి చూచి, "పొడిగానే ఉందిరా" అని కేకవేసిరి. ఆ పాత పంపు ఇప్పటికిని నా అటకమీద నున్నది. ఇరుసు పట్టి ఊపినచో టకటకలాడును.